మీ క్లబ్బుకు కరువైంది డబ్బు కాదు, పని

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నల్లకుంటలో ఉంటాం. ఆరేళ్లుగా ఒక సేవా క్లబ్బులో సభ్యురాలిని. జూలై 1 నుంచి నన్ను ప్రెసిడెంట్‌గా ఎన్నుకున్నారు. రిజిస్టరులో 38 మందిమి ఉన్నాం. వారం వారం హోటల్లో జరిగే మీటింగుకు వచ్చేది పదిమంది. అందులోనూ నలుగురు సరిగ్గా భోజనాల వేళకు దిగుతారు. గెస్ట్ స్పీకర్లను పిలవాలంటే మొహం చెల్లడం లేదు. మొన్న ఒక డాక్టరుగారు గచ్చిబౌలి నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చి ఏడుగురి ముందు మాట్లాడి వెళ్లారు. గత ఏడాది నిధుల కోసం సినీ సంగీత విభావరి పెట్టాం. 4 లక్షల 10 వేలు వచ్చాయి, 3 లక్షల 35 వేలు ఖర్చయ్యాయి. మిగిలిన 75 వేలతో వీల్‌చైర్లు పంచాం. ఈసారి ఇంకా పెద్ద ఎత్తున చేద్దామని మా సీనియర్ పాస్ట్ ప్రెసిడెంట్ అన్నయ్యగారు పట్టుబడుతున్నారు. ఆయన్ని నొప్పించలేను, మళ్లీ ఆ లెక్కా చూడలేను. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి, తన స్నేహితులు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా? హోటల్ భోజనం ఆపేస్తే ఆ వచ్చే పదిమంది కూడా మానేస్తారా?
— పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సభ్యులు ఎందరో ఉంది, ప్లేట్లు ఎన్నో ఉంది, లక్షలు ఎన్నో ఉంది. మీ క్లబ్బు ఏం పని చేస్తుందో మాత్రం లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. నేనూ ఇలాంటి క్లబ్బులో పాతికేళ్లు తిరిగాను. రెండుసార్లు సెక్రటరీని, ఒకసారి ప్రెసిడెంట్‌ని. ఆ రోజుల్లో మీ క్లబ్బు ఏం చేస్తుందండీ అని ఎవరైనా అడిగితే, 'ప్రతి బుధవారం కలుస్తాం' అని గర్వంగా చెప్పేవాణ్ణి.

ముందు ఆ లెక్క సంగతి. నూరు రూపాయలు వస్తే అవసరమున్నవాళ్లకు చేరింది పద్దెనిమిది. మిగతా ఎనభై రెండు ఎవరూ జేబులో వేసుకోలేదు. హాలు, సౌండు, ఆర్కెస్ట్రా, గాయకుల కార్లు, ఫ్లెక్సీలు, శాలువాలు, మొమెంటోలు, వచ్చినవాళ్లకు డిన్నరు. ప్రతి బిల్లుకూ రసీదు ఉండి ఉంటుంది. ఎక్కడా తప్పు లేకుండానే ఎనభై రెండు రూపాయలు పోయాయి. అందుకే దాన్ని ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు.

ఇక వీల్‌చైర్లు. మా క్లబ్బు ఒక ఏడాది పదిహేను ట్రైసైకిళ్లు ఇచ్చింది. పెద్దమనిషి ఒకాయన వచ్చి ఇవ్వాలి, రెండు గంటలు ఆలస్యమయ్యారు. తీసుకోవలసినవాళ్లు అంతసేపూ షామియానా అంచున, ఎండ మొహాన కొడుతుంటే కూర్చున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. ఏడాది తిరిగాక ఎందుకో మనసు పీకి, జాబితా పట్టుకుని నేనే తిరిగాను. తొమ్మిది కనబడ్డాయి, నాలుగు నడుస్తున్నాయి. ఒకదాని మీద బట్టలు ఆరేశారు. ఒకతను ఉండేది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. ఇంకొకరి టైరు పంక్చరై ఆర్నెల్లయింది, తోసుకెళ్లే మనిషి లేడు. వాళ్ల ఇంటి గుమ్మం ఎంత వెడల్పుందని కూడా మేం అడగలేదు. బండి ఇచ్చాం గానీ దాన్ని నడుపుకునే దారి గురించి ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ 'ఇవ్వడం మీ పనా, నడవడం మీ పనా?' అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

కాబట్టి మీ ప్రమాణ స్వీకారం (ఇన్‌స్టలేషన్) కార్డు ప్రింటుకు ఇవ్వకముందే ఒక పని వెతకండి. కొత్తగా కట్టేది, కొనేది, పంచేది వద్దు. నడవాల్సింది నడవక ఆగిపోయినదాన్ని చూడండి. మీరు టీచరు కదా, మీకు చెప్పాలా? సర్కారు బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి కట్టించేవాళ్లు దొరుకుతారు, గోడ మీద పాలరాతి ఫలకం వేయించుకుంటారు. దాని నల్లా పాడైతే వాషర్ మార్పించే దాత దొరకడు, ఎందుకంటే వాషర్ మీద పేరు రాయడానికి చోటు లేదు. నీళ్లు రాకపోతే తాళం పడుతుంది. తాళం పడితే ఏడో తరగతి దాటిన పిల్లలు నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోతారు. మీరు క్లాసులో హాజరు వేసినప్పుడు ఆ ఖాళీలు చూసే ఉంటారు.

మీ ఇంటికి దగ్గరలో రెండు బడులు పెట్టుకోండి. ఏడాదంతా ఆ రెండు బడుల్లో నల్లాల్లో నీళ్లు రావాలి, తలుపులకు గడియ పడాలి, ట్యాంకు కడగాలి. ఇదీ పని. ఒక ప్లంబరుతో నెలవారీ మాట్లాడుకోవాలి, ఆయమ్మకు కొంత అదనంగా ఇవ్వాలి. వారానికి ఒక సభ్యుడు వెళ్లి నల్లా తిప్పి చూసి రావాలి. ప్లంబరు, ఆయమ్మ, ఫినాయిలు, సామాన్లు కలిపి బడికి నెలకు మూడు వేలు అనుకుందాం. రెండు బడులకు ఏడాదికి 72 వేలు. కిందటేడు మీకు మిగిలింది 75 వేలు! అంటే డబ్బు మీ దగ్గర ఎప్పుడో ఉంది. ప్రధానోపాధ్యాయురాలి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఆ మొదటి వారంలోనే ఆమె ముందు కూర్చోండి.

ఇలాంటి చిన్న పని క్లబ్బు స్థాయికి సరిపోతుందా అని ఎవరైనా అంటారు, అననివ్వండి. సేవా క్లబ్బుల చరిత్రలో అందరూ చెప్పుకునే పెద్ద పని పోలియో నిర్మూలన. రోటరీ వాళ్లు ఆ కార్యక్రమం మొదలుపెట్టింది 1985లో. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న, బెంగాల్లోని హావ్‌డాలో. దేశాన్ని పోలియో రహితమని ప్రకటించింది 2014 మార్చి 27న. ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ఇంటింటికీ తిరిగిన లక్షలాది కార్యకర్తలు, అందరిదీ ఆ ఫలితం. నేను చెప్పేది వేరే సంగతి. ప్రతి జూలై 1కి ప్రెసిడెంట్ మారే సంస్థ ఒకే పనిని అన్నేళ్లు చేతులు మారినా వదలకుండా పట్టుకుంది. మన దగ్గరేమో జూలై 1 వచ్చేసరికి పాత ప్రెసిడెంట్ ప్రాజెక్టుకు తద్దినం పెట్టేస్తాం. కొత్తాయనకు కొత్త ఫ్లెక్సీ కావాలి. మీ తర్వాత వచ్చేవారిని ఇప్పుడే మీతోపాటు బడికి తీసుకెళ్లండి, ఆ పని వాళ్లదీ అవుతుంది.

పని దొరికితే మీటింగు దానంతటదే మారుతుంది. ఇప్పుడు మీ మీటింగులో ఏం జరుగుతుందో చూడకుండానే చెప్పగలను. గంట కొడతారు, ప్రార్థన, పుట్టినరోజుల శుభాకాంక్షలు, సెక్రటరీ అనౌన్స్‌మెంట్స్, స్పీకర్ పరిచయం, స్పీకర్, శాలువా, వోట్ ఆఫ్ థాంక్స్, జనగణమన, ఫెలోషిప్ పేరుతో భోజనం. వచ్చినవాడు రాకపోయినా జరిగేదే ఇదంతా. అందుకే రావడం లేదు. ఈ వారం రామంతాపూర్ నుంచి వచ్చే సభ్యుడు బడికి వెళ్లి చూసిన నల్లా గురించి అయిదు నిమిషాలు చెప్పాల్సి ఉందనుకోండి, ఆయన మానలేడు. ప్రతి మీటింగులో ముగ్గురు నోరు విప్పి తమ పని చెప్పేలా చూడండి. 38 మందిలో పదిహేను మంది నిజంగా పనిలో దిగితే చాలు. మిగతావాళ్లను వేధించకండి. చందా కడుతున్నారు, అదీ సాయమే.

వారం వారం కలవాలా అన్నది మీ బైలాస్, అంటే క్లబ్బు నియమావళి, చూసుకోండి. రోటరీలోనే 2016లో నియమం సడలించి నెలకు కనీసం రెండు మీటింగులు ఉంటే చాలన్నారు. ఆ రోటరీ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఇంకో ముగ్గురు కలిసి మొదలుపెట్టినప్పుడు హోటల్ లేదు, హాలు లేదు. ఈ వారం నీ ఆఫీసులో, వచ్చేవారం నా ఆఫీసులో అని వంతులవారీగా తిరిగారు. అలా తిరగడం వల్లే ఆ పేరు. ఆ పాత పద్ధతే నెలకోసారి పెట్టండి. ఒకసారి మీ సభ్యుడి ప్రింటింగ్ ప్రెస్సులో, ఒకసారి డాక్టరుగారి క్లినిక్‌లో, ఒకసారి ఆ బడిలోనే. ఆతిథ్యం ఇచ్చేవాడికి ఊరు తిప్పి చూపించినంత హుషారు వస్తుంది.

స్పీకర్ల విషయంలో మనం చేసే తప్పు పేరు చూసి పిలవడం. పెద్ద పేరున్నాయన తనకు అలవాటైన ఉపన్యాసమే ఇక్కడా చెప్పి వెళ్తాడు. మీకు కావలసింది మీ పనికి దగ్గరి మనిషి. వార్డులో తిరిగే ఆశా కార్యకర్త, సర్కారు బడి హెడ్‌మిస్ట్రెస్, 108 అంబులెన్సులో పనిచేసే టెక్నీషియన్. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే. అందులో రాత్రి డ్యూటీ చేసే మనిషి చెప్పే ఇరవై నిమిషాలకు ఏ మోటివేషనల్ స్పీకరూ సాటిరాడు. పోలీసు శాఖ నుంచి సైబర్ క్రైమ్ చూసే అధికారిని పిలవండి. మీ సభ్యుల్లో రిటైరైనవాళ్లు ఎక్కువ ఉంటారు కదా, పోలీసులమని బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' ఫోన్లు వచ్చేది వాళ్లకే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అందరికీ తెలుసనుకుంటాం, ఒకసారి చేతులెత్తమని అడిగి చూడండి.

రక్త నిధి నుంచి ఒకరిని పిలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. క్లబ్బులన్నీ ఆగస్టు 15కీ, గాంధీ జయంతికీ, నాయకుల పుట్టినరోజులకీ శిబిరాలు పెడతాయి. ఎర్రకణాలు నిలవుండేది ఐదారు వారాలే, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. ఒక్క రోజు ముంచెత్తి తర్వాత ఎండబెడితే ఎలా? ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తే దాతలు తగ్గిపోతారు. తలసీమియా పిల్లలకు మాత్రం ఎండాకాలం సెలవులు ఉండవు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మీ క్లబ్బు శిబిరం పెట్టేట్టయితే మేలో పెట్టండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మీ సభ్యులు, వాళ్ల పిల్లలు, అపార్టుమెంటువాళ్లు కలిపి అరవై మంది పేర్లు రాసుకుని నెలకు ఐదుగురి చొప్పున పంపితే శిబిరం పేరెత్తకుండానే ఏడాది గడుస్తుంది.

గచ్చిబౌలి డాక్టరుగారికి మీరు చేసిన అన్యాయానికి ఒక ఫోన్ బాకీ ఉన్నారు, అది చేసేయండి. ఇకమీదట పిలిచేటప్పుడే 'వచ్చేది పన్నెండు మందిమండీ' అని నిజం చెప్పండి. పన్నెండు మందితో గుండ్రంగా కూర్చుంటే అది మంచి మాటామంతీ. వంద కుర్చీలు వేసి పన్నెండు మంది కూర్చుంటేనే అవమానం. హాలు చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లకు నడిచి వెళ్లేంత దూరంలో చూసుకుంటే రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్లు పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి, ట్రాఫిక్ గోల లేకుండా దిగుతారు. స్టేషన్ దగ్గర ఒకరు నిలబడి తీసుకురావాలి. పరిచయం నాలుగు వాక్యాలు మించకూడదు. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు ఒక ప్రొఫెసరుగారి బయోడేటా పన్నెండు నిమిషాలు చదివాను. ఆయనకు మిగిలింది పద్దెనిమిది నిమిషాలు. మైకు అందుకుని, 'నా గురించి నాకే తెలియనివి చాలా చెప్పారు' అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. శాలువా మానేసి మీ బడి పిల్లలు రాసిన ఉత్తరం ఒకటి ఇవ్వండి. శాలువాలు వాళ్ల బీరువాల్లో దొంతర్లు ఉంటాయి.

ఇప్పుడు అన్నయ్యగారి విభావరి. ఆయన్ని శత్రువుగా చూడకండి. నలభై ఫోన్లు చేసి టికెట్లు అమ్మగలిగిన మనిషి క్లబ్బులో ఎంతమంది ఉంటారు? ఆయన శక్తి అది. అయితే బోర్డు మీటింగులో అందరి ముందు ఆ లెక్క తీయకండి. ఇంటికి వెళ్లండి, కాఫీ తాగండి, కాగితం ఆయన చేతిలో పెట్టండి. 'అన్నయ్యా, ఈసారి ప్రోగ్రాం ఖర్చంతా స్పాన్సర్ల దగ్గరే రావాలి, టికెట్ డబ్బులో రూపాయి కూడా ప్రోగ్రాంకు వాడొద్దు, మీరే దారి చెప్పండి' అనండి. తేదీకి 45 రోజుల ముందు ఒక గడువు పెట్టుకోండి. అప్పటికి హాలు, సౌండు, ఆర్కెస్ట్రా డబ్బు స్పాన్సర్ల నుంచి చేతికి రాకపోతే ప్రోగ్రాం లేదు. అది ఆయనే బోర్డులో ప్రతిపాదించేలా చూడండి. స్పాన్సర్లు దొరికారా, అద్భుతం, పాటలు విందాం. దొరకలేదా, వద్దన్నది మీరు కాదు, లెక్క. పోలీసు అనుమతి, సినిమా పాటల హక్కుల సంస్థ లైసెన్సు ముందే తీసుకోవాలి. బహిరంగ స్థలంలో అయితే రాత్రి పదికి మైకు కట్టేయాలి. డబ్బు పెట్టి కొనే లక్కీ డ్రా కూపన్ల జోలికి మాత్రం పోకండి. అనుమతి లేని లాటరీ నడపడం నేరం. సేవ కోసమే కదా అంటే చట్టం వినదు.

నిధుల సేకరణకు పాఠం కావాలంటే షికాగో దాకా ఎందుకు, నాంపల్లి చాలు. మన నుమాయిష్ మొదలైందే ఒక పనికి డబ్బు కావలసి వచ్చి. ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేద్దామనుకున్నారు, చేతిలో డబ్బు లేదు. స్థానికంగా తయారయ్యే వస్తువులతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శన పెట్టారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. ఇవాళ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఊరంతా అక్కడే. మనం కశ్మీరీ శాలువా బేరమాడి, మిర్చి బజ్జీ తిని వస్తాం. ఆ స్టాళ్ల అద్దెలు, గేటు టికెట్లతో ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ లాంటి చదువుల సంస్థలు నడుపుతోంది. అక్కడికి వచ్చేవాడు దానం చేస్తున్నానని అనుకోడు, తనకు కావలసింది కొనుక్కుంటాడు. మీరూ ఆ దారిలో ఆలోచించవచ్చు. సంక్రాంతికి ముందు మీ సభ్యుల ఇళ్లలో అరిసెలు, సకినాలు, జంతికలు చేసి అపార్టుమెంట్లలో అమ్మండి. ముందే ఆర్డర్లు తీసుకోండి, హాలు అద్దె ఉండదు. మీ 72 వేలలో సగం అక్కడే రావొచ్చు. మిగతా సగానికి పన్నెండు మందిని చూడండి, నెలకు ఒకరు మూడు వేలు. 'విరాళం ఇవ్వండి' అంటే జనం తలుపు వేస్తారు. 'నవంబరు నెల ఫలానా బడి నల్లాలు మీ ఖాతాలో' అంటే పెళ్లిరోజు ఏ నెలలో ఉందో చూసుకుంటారు.

డాలస్ డబ్బు జాగ్రత్త. మీ అమ్మాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా క్లబ్బు ఖాతాకు పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితులు పంపితే, వాళ్లకు భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ దగ్గర విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. 'అందరిదీ కలిపి అమ్మ అకౌంటుకు వేసేస్తాం' అంటారు పిల్లలు. వద్దనండి. ఇక్కడివాళ్ల దగ్గర కూడా రెండు వేలు దాటితే నగదు తీసుకోకండి, విరాళమిచ్చినవాళ్లకు 80జీగా పేరుపడిన పన్ను మినహాయింపు పోతుంది. అసలు కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. మీ క్లబ్బు ట్రస్టుకు 80జీ ఉన్నా విభావరి టికెట్ మీద ఆ మాట అచ్చు వేయకండి. టికెట్ కొని పాటలు వినడం విరాళం కాదు. మీ ఆడిటరును ఒకసారి మీటింగుకు స్పీకరుగా పిలిస్తే ఇవన్నీ ఫీజు లేకుండా తేలిపోతాయి.

భోజనం సంగతి చివరికి పెట్టాను గానీ మీ క్లబ్బులో అసలు గొడవ అక్కడే వస్తుంది. ఒక్కసారిగా ఆపకండి. ఆరు వారాలు హోటల్ బఫే బదులు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఎవరో ఒకరి ఇంటి నుంచి పులిహోర గిన్నె పెట్టి చూడండి. మొదటి వారం మీ ఇంటిది. ఎనిమిదింటికి వచ్చే ఆ నలుగురు ఏడున్నరకే రావలసి వస్తుంది, పులిహోర అప్పటికే అయిపోతుంది కనుక.